ఆరో పనిదినం

జూన్ పదో తేదీ, బుధవారం. పొద్దున ఆరున్నరకు రెంజిని టీచర్ వంటింటి గుమ్మంలో నిలబడి, పాలు లేని టీ తాగుతూ, ఇవాళ తనకు పని ఒక్కటే అనుకుంది. ముప్ఫై ఆరు మంది పిల్లలను పది గంటలకల్లా ఏడో తరగతి గదిలో కూర్చోబెట్టాలి. వాళ్లు పాఠం వినకపోయినా ఫరవాలేదు. కూర్చుంటే చాలు.

దీని వెనక ఉన్న సంగతి మా పుల్లిక్కడవులో ఎవరిని అడిగినా చెబుతారు. బళ్లు తెరిచాక ఆరో పనిదినాన బల్లల మీద ఎన్ని తలలు కనిపిస్తే ఆ ఏడాదికి అన్ని తలలే. ఎంతమంది టీచర్లు ఉండాలో, ఎవరు మూటాముల్లె సర్దుకోవాలో పైవాళ్లు ఆ లెక్కను బట్టే తేలుస్తారు. ఏడో తరగతిలో ముప్ఫై అయిదు తలల దాకా ఒకటే డివిజన్, అంటే ఒకటే సెక్షన్, ముప్ఫై ఆరోది కనిపిస్తే రెండు. మా బడి ఏడో తరగతి పట్టీలో సరిగ్గా ముప్ఫై ఆరు పేర్లున్నాయి. రెండో డివిజన్ పోతే దానితోపాటు పోయేది అందరికన్నా వెనక చేరిన టీచర్, అంటే రెంజిని. నియామకం ఖరారు కాక ఆవిడ నాలుగేళ్లు జీతం లేకుండా పాఠాలు చెప్పింది. ఖరారు కాగితం చేతికొచ్చి ఇంకా ఏడాది నిండలేదు.

మాకు జూన్ అంటే వాన. వాన అంటే కలెక్టర్ ఇచ్చే సెలవు. వాన పడ్డ ప్రతి పొద్దునా జిల్లాలోని పిల్లలంతా ఫోన్లో కలెక్టర్ పేజీ కింద చేరి, "సార్, మా గుమ్మంలోకి నీటికుక్క వచ్చింది, సెలవివ్వండి" అని దేబిరిస్తారు. ఆయన ఇవ్వకపోతే పోయినేటి ఉత్తర్వులో తేదీ మార్చి వాళ్లే ఇచ్చేసుకుంటారు. పోయినేడు సరిగ్గా ఆరో పనిదినాన అలాంటి దొంగ సెలవు ఒకటి ఊరంతా తిరిగింది. తొమ్మిది మంది ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నారు. వాళ్ల పుణ్యమా అని పక్క బడి బీనా టీచర్ ఇప్పుడు కొండల మీద, బస్సు కూడా రోజుకు రెండుసార్లే వెళ్లే ఊళ్లో పనిచేస్తోంది.

అందుకే ఈసారి కంప్యూటర్ పుస్తకంలో మొదటి పాఠం బొమ్మలు గీయడమే అయినా, రెంజిని టీచర్ దాన్ని పక్కన పెట్టేసింది. అయిదు రోజులూ ఒకటే పాఠం చెప్పింది, దొంగ కబురును పట్టుకోవడం ఎలా అని. తేదీ, వారం కలిశాయా చూడాలి. పేజీకి నీలం గుర్తు ఉందా చూడాలి. మాట తీరు చూడాలి, కలెక్టర్లు ఎవరినీ ముద్దు చేయరు. రెండు వేర్వేరు చోట్ల అడిగి సరిచూసుకోవాలి. దొంగ పేజీ అని తేలితే ఊరుకోకూడదు, రిపోర్ట్ కొట్టాలి.

"గొంతు విన్నాం కదా అని కూడా నమ్మకండి," అంది అయిదో రోజున. "ఈ రోజుల్లో మెషీన్లు ఎవరి గొంతుతోనైనా మాట్లాడేస్తాయి. రేపు నా గొంతుతోనే సెలవని కబురొచ్చినా నమ్మొద్దు."

"మరి నిజంగా మీరే పంపితే టీచర్?" అని లేచింది నజ్వా. పన్నెండేళ్ల పిల్ల, ముందు బల్ల. ఏది చెప్పినా దాని అంచు దాకా వెళ్లి చూసొచ్చే రకం.

టీచర్ ముచ్చటపడింది. అప్పటికప్పుడు పది రహస్యపు మాటల పట్టీ తయారైంది. పిల్లలు కోరినట్టు పదీ చేపల పేర్లే, మొదటిది మత్తి. టీచర్ పంపే ప్రతి కబురు ముందూ వరసలో ఒక మాట ఉండాలి. బ్యాంకు పంపే అంకెల్లాగే ఒకసారి వాడిన మాట మళ్లీ చెల్లదు. మూడుసార్లు తప్పు చెబితే ఎవరైనా సరే తరగతి ఫోన్ గ్రూపులోంచి బయటికి. పిల్లలు పట్టీని నోటుబుక్కుల్లో రాసుకున్నారు. టీచర్ తన కాగితాన్ని భద్రంగా బడిలోనే, బల్ల సొరుగులో పెట్టి తాళం వేసింది. బాధ్యత నేర్పినట్టుంటుందని గ్రూపు పెత్తనం నజ్వాకు అప్పగించింది.

ఇక బుధవారం పొద్దున ఆరూ నలభైకి, టీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, ఫోన్లో కలెక్టర్ పేజీ అంటూ ఒక కబురు వచ్చింది.

"చిట్టి స్నేహితులారా! ఈరోజు, జూన్ 10, మంగళవారం, మన జిల్లాలో బళ్లన్నిటికీ సెలవు. వాగుల్లో దూకకండి. అమ్మకు వంటలో సాయం చేయండి. మీ కలెక్టర్ మామయ్యకు మీరంటే చాలా ఇష్టం."

బయట కుండపోత. కానీ రెంజిని టీచర్ కళ్లు వాన మీద లేవు. మంగళవారం! మామయ్య! పేజీ పేరు కూడా నిన్నటిది కాదు, నీలం గుర్తూ లేదు. అయిదు రోజులు తను చెప్పిన పాఠమంతా ఎవరో ముగ్గు వేసి ఎదురుగా పెట్టినట్టుంది. ఆవిడకు కోపం రాలేదు సరికదా, సంతోషం పట్టలేకపోయింది. వెంటనే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని గ్రూపులో గొంతు పంపింది.

"మత్తి! పిల్లలూ, సెలవని ఒక కబురు తిరుగుతోంది, చూశారా? పచ్చి అబద్ధం. ఎందుకో మీకే తెలుసు. అందరూ పదింటికల్లా బడిలో ఉండాలి. ఆ పేజీని ఏం చెయ్యాలో చెప్పాను కదా, చెయ్యండి!"

ఏడూ అయిదుకు హెడ్మాస్టర్ అచ్యుతన్ మాష్ ఫోన్ చేశారు.

"టీచర్, సెలవు సంగతి చూశారుగా..."

"చూశాను మాష్. దొంగది. పిల్లలకి చెప్పేశా, మీరు నిశ్చింతగా ఉండండి."

"దొంగదేంటి? విద్యాశాఖ నుంచి ఏఈఓ గారే స్వయంగా ఫోన్ చేస్తే!"

రెంజిని టీచర్ గ్లాసు గట్టు మీద పెట్టింది. "వారం తప్పుంది కదా మాష్?"

"కొత్త కలెక్టర్. సోమవారమే వచ్చాడు. కుర్రాడు. వరద ఏర్పాట్లతో రెండ్రోజులుగా కునుకు లేదట, ఏ వారమో ఆయనకేం తెలుస్తుంది? వస్తూనే పేజీ పేరు మార్చాడు, దాంతో గుర్తు ఎగిరిపోయింది. మనిషి మాత్రం నిజం."

"మరి లెక్క?"

"లెక్క రేపటికి వాయిదా పడింది. ఇవాళ పనిదినమే కాదు. ఇంకా మంచిదే, వాన తగ్గుతుంది, రేపు అందరూ..." మాష్ ఆగారు. "మీరు పిల్లలకి ఏం చెప్పానన్నారు?"

ఈ వానలో తడిసిన పిల్లలు రేపు ఎక్కడుంటారో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. టీచర్ ఫోన్ పెట్టేసింది.

రెంజిని టీచర్ ఏడుపు గొంతుతో గ్రూపులో రెండో కబురు పెట్టింది. "పిల్లలూ, నేనే, రెంజిని టీచర్ని. ఇందాక పొరపాటు పడ్డాను. సెలవు నిజమే. ఎవరూ ఇల్లు కదలకండి!"

నజ్వా జవాబు వెంటనే వచ్చింది. "మాట?"

"మత్తి!"

"అది వాడేశారు. మొదటి కబురు విన్నవాళ్లెవరైనా మత్తి అంటారు. రెండో మాట చెప్పండి."

రెండో మాట సొరుగులో ఉంది. సొరుగు బడిలో ఉంది. టీచర్ కళ్లు మూసుకుని పదేళ్ల వయసు నుంచి తను తిన్న చేపలన్నీ తలుచుకుంది. "అయల!"

"అయల నాలుగోది. ఒకటి తప్పు."

"నజ్వా, ఇది ఆట కాదమ్మా. నేనే. కావాలంటే వీడియోలో కనిపిస్తా."

"మొహాలు కూడా చేస్తారని మీరే, అంటే మా టీచరే చెప్పింది. నేనేనండీ అనడం మాట కాదు. రెండు తప్పు."

"నెత్తళ్లు!" అని అరిచింది టీచర్.

"మూడు," అని వచ్చింది. ఆ వెంటనే తెర మీద చిన్న అక్షరాల్లో, మిమ్మల్ని ఈ గ్రూపు నుంచి తొలగించారు అని కనిపించింది.

సొంత గ్రూపులోంచి సొంత విద్యార్థులు తీసేసిన టీచర్ ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ లేదు. ఒక్కో ఇంటికి ఫోన్ చేయబోయింది. దాదాపు ఏ ఇంట్లోనూ ఎత్తలేదు. తెలియని నంబర్లకూ, తెలిసిన నంబర్లకూ కూడా పొద్దున్నే జవాబివ్వొద్దని పిల్లలు అమ్మలకు చెప్పారట. ఎత్తిన ఒక్క తల్లి, "అబ్బో, గొంతు ఎంత బాగా దించావమ్మా! ఇంత తెలివి చదువులో పెట్టరాదూ?" అని పెట్టేసింది.

ఇక లాభం లేదనుకుని రెంజిని టీచర్ వానకోటు తొడుక్కుని స్కూటర్ తీసింది. ఏడు కిలోమీటర్లు, దారంతా మోకాలి లోతు నీళ్లు. ఆవిడ వానలో తడుస్తూ సగం దారిలో ఉండగా ఊళ్లో జరిగిన సంగతులు తర్వాత అందరం ముక్కలు ముక్కలుగా విని పోగేసుకున్నాం.

నజ్వా టీచర్ మొదటి గొంతును పంచాయతీ గ్రూపులో పెట్టింది. కింద, "సరిచూడబడింది" అని రాసింది. టీచర్ చెబితే మా ఊళ్లో తిరుగులేదు. సెలవు మాట విని వ్యాన్ తీయని డ్రైవర్ మళ్లీ తీశాడు. బడిలో వంట చేసే కార్త్యాయని చేచ్చి, అంటే మా అందరి అక్క, పొయ్యి వెలిగించి గంజికి ఎసరు పెట్టింది. పక్క రెండు బళ్ల పిల్లలు కూడా ఏడుస్తూ గొడుగులు తీసుకున్నారు. ఇంకోవైపు ముప్ఫై ఆరు మందీ చెప్పిన పాఠం అక్షరాలా పాటించి కలెక్టర్ పేజీని రిపోర్ట్ కొట్టారు. అమ్మ ఫోన్లోంచి ఒకసారి, అమ్మమ్మ ఫోన్లోంచి ఒకసారి. గల్ఫ్‌లో ఉన్న నాన్నలకు కూడా కబురు వెళ్లింది. నజ్వా నాన్న ఒక్కడే కాక, ఆయన గదిలో ఉండే పద్నాలుగు మందీ పనిలోకి వెళ్లే బస్సులో కూర్చుని వరసగా కొట్టారట. జిల్లా మీద వాళ్లకున్న ప్రేమ అలాంటిది.

ఎనిమిదీ ఇరవైకి కలెక్టర్ పేజీ మాయమైంది. దాంతో అనుమానం ఉన్న కొద్దిమందికీ అది కాస్తా తీరిపోయింది.

టీచర్ బడి చేరేసరికి తొమ్మిదిన్నర. ఏడో తరగతి గదిలో ముప్ఫై ఆరు మందీ ఉన్నారు. ఏటా ఓనం సెలవుల తర్వాతే మొహం చూపించే అభినంద్ కూడా ఉన్నాడు. జుట్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పళ్లు టకటకమంటున్నాయి. గది మధ్యలో చిన్న మడుగు కట్టింది. ఇంతమంది ఒకేసారి రావడం ఆ బడి పుట్టాక అదే మొదలు. అచ్యుతన్ మాష్ గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కపెడుతున్నారు, అలవాటుగా. లెక్కపెట్టి, ఏడుపు మొహంతో టీచర్ వైపు తిరిగారు.

"ముప్ఫై ఆరు, టీచర్. బంగారంలాంటి ముప్ఫై ఆరు. ఏం చేసుకోను?"

రెంజిని టీచర్ నేరుగా తన బల్ల దగ్గరికి వెళ్లింది. తాళం తీసి సొరుగులోంచి కాగితం తీసింది.

"కరిమీన్," అని రెండో మాట చదివింది.

"ఇప్పుడు సరే టీచర్," అంది నజ్వా, తేలిగ్గా ఊపిరి వదిలి. "పొద్దుటినుంచి ఎవరో మీ గొంతుతో ఒకటే విసిగించారు. పాపం, ఏడుపు కూడా అచ్చం మీలాగే."

"అది నేనే."

గదిలో పళ్ల చప్పుడు కూడా ఆగింది.

"సెలవు నిజం. ఆ పేజీ నిజం. ఆయన నిజం కలెక్టర్."

"అంటే," నజ్వా నెమ్మదిగా అడిగింది, "మేం నిజం కలెక్టర్ని తీసేశామా టీచర్?"

"అవును."

"మేం తప్పు చేశామా?"

 చెప్పినవన్నీ చెప్పినట్టు చేసిన పిల్లలు, చలికి పెదాలు నీలమెక్కి, జవాబు కోసం చూస్తున్నారు. "మీరు కాదమ్మా. తప్పు నాది. రెండు చోట్ల అడగమని మీకు చెప్పి, నేను ఒక్క చోట కూడా అడగలేదు. తొందరపడ్డాను." ఆ మాట పిల్లల ముందు అనడం ఆవిడకు కష్టంగానే ఉంది. అయినా అంది. "ఇప్పుడు వేడి వేడి గంజి తాగి, తల తుడుచుకుని ఇళ్లకి వెళ్లండి. వెళ్లి పడుకోండి. రేపు మాత్రం ఒక్కరు కూడా మానకూడదు."

"రేపేంటి టీచర్?" అంది నజ్వా. అని రెండుసార్లు తుమ్మింది.

"ఏం లేదు. రేపు బడి," అంది టీచర్.

పిల్లలకు తన ఉద్యోగం సంగతి ఆవిడ ఏనాడూ చెప్పలేదు. నా కోసం రండి అని అడగడం ఆవిడ వల్ల కాదు. వంటగదిలో కార్త్యాయని చేచ్చి గంజిలో శొంఠి దంచి వేస్తూ, "ఊళ్లో దేవుళ్లందరికీ మొక్కేశాను టీచర్. ఒక్కళ్లకి కూడా జ్వరం రాకూడదు," అంది. చెంబు పట్టుకుని గంజి కోసం వచ్చిన నజ్వా ఆ మాట విని అక్కడే నిలబడింది. తర్వాత ఆ పిల్ల మాష్ గది వైపు వెళ్లడం కూడా ఎవరో చూశారు.

మధ్యాహ్నం ఏఈఓ గారు మాష్‌కు మళ్లీ ఫోన్ చేశారు. జిల్లా పెద్ద పేజీని పుల్లిక్కడవు పిల్లలు ఊడగొట్టారన్న సంగతి పైదాకా వెళ్లిందన్నారు. రేపు లెక్కకు తానే వస్తానన్నారు. ఆ టీచర్‌ను కూడా ఒకసారి చూడాలన్నారు. ఆ రాబోయే మనిషి గొంతులో నవ్వు ఉందా, కోపం ఉందా అని టీచర్ ఎంత అడిగినా మాష్ తేల్చి చెప్పలేకపోయారు.

గురువారం పొద్దున ఏమీ జరగనట్టు ఎండ కాసింది. ఎనిమిదిన్నరకే రెంజిని టీచర్ గేటు దగ్గర నిలబడింది. పిల్లలు దగ్గుతూ, చీదుతూ, మెడలకు తువ్వాళ్లు చుట్టుకుని ఒక్కొక్కరే వచ్చారు. అభినంద్ రెండో రోజు కూడా రావడంతో మాష్‌కు దేవుడి మీద నమ్మకం పెరిగింది. తొమ్మిదిన్నరకు ముప్ఫై మంది, తొమ్మిదీ ముప్పావుకు ముప్ఫై అయిదు. పది కొట్టింది. ముందు బల్లలో ఒక చోటు ఖాళీగా ఉంది.

టీచర్ నజ్వా ఇంటికి ఫోన్ చేసింది. తల్లి సుహరా ఎత్తింది.

"ఒళ్లు కాలిపోతోంది టీచర్. రాత్రి గొంతు కూడా పోయింది. ఎంత చెప్పినా పడుకోవట్లేదని ఇవాళ కూడా సెలవేనని చెప్పి పడుకోబెట్టాను."

"పడుకోనివ్వండి," అంది టీచర్. "లేపకండి. కషాయం ఇవ్వండి." ఫోన్ పెట్టేశాక గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. నాలుగేళ్లు జీతం లేని రోజుల్లో కూడా అంత నీరసం రాలేదని తర్వాత చెప్పింది.

ఏఈఓ గారు జీపు దిగి నేరుగా తరగతిలోకి వచ్చారు. నవ్వని మనిషి. వేలు చూపిస్తూ వరసగా లెక్కపెట్టారు. మళ్లీ ఆ చివరి నుంచి ఈ చివరికి లెక్కపెట్టారు. "ముప్ఫై అయిదు," అన్నారు. రెంజిని టీచర్ తల ఊపింది. ఆయన సంచిలోంచి ఫారం తీసి, ముందు బల్ల మీద ఖాళీగా ఉన్న చోట పెట్టి, పెన్ను మూత తీశారు.

పక్కనే కూర్చున్న పిల్ల ఫారంలోకి తొంగి చూసి చెయ్యెత్తింది. దాని వెనకది చూసి చెయ్యెత్తింది. అక్కడినుంచి గుసగుస వెనక బల్లల దాకా పాకింది. ముప్ఫై అయిదు చేతులూ లేచాయి.

"ఏంటి?" అన్నారు ఏఈఓ గారు.

"సార్, దాని మీద జూన్ 10, బుధవారం అని ఉంది," అంది మొదటి పిల్ల. "ఇవాళ పదకొండు, గురువారం."

"నిన్నటికని టైపు కొట్టించింది. దిద్దుతాలే."

"దిద్దిన కాగితం నమ్మకూడదు సార్," అన్నాడు అభినంద్. అయిదు రోజుల పాఠమూ వాడు పక్కవాళ్ల నోట విన్నదే. అయినా ఎక్కింది.

"ఏమయ్యా, నేను అబద్ధం కాగితం తెచ్చానంటావా?"

"మీరు నిజం ఏఈఓ అవునో కాదో కూడా మేం ఇంకా సరిచూడలేదు సార్," అన్నాడు వాడు, చాలా మర్యాదగా.

అచ్యుతన్ మాష్ కళ్లు మూసుకున్నారు. ఏఈఓ గారు ఫారం వైపు చూశారు. పిల్లల చేతుల వైపు చూశారు. నిన్న వారం పేరు తప్పు పడినందుకు జిల్లా అంతా ఏమైందో ఆయనకు గుర్తొచ్చినట్టుంది. పెన్ను మూత పెట్టేశారు. "కొత్త ఫారం కొట్టించుకొస్తాను. దిద్దుబాట్లు నాకూ చెల్లవు," అని జీపెక్కి వెళ్లిపోయారు.

ఆయన తిరిగి వచ్చేసరికి పదకొండూ పది. జీపు వెనకాలే ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి మెడ చుట్టూ మఫ్లర్, దాని మీద శాలువా కప్పుకుని నజ్వా దిగింది. వెనకే ఫ్లాస్కు పట్టుకుని సుహరా దిగింది, ఆటోలోనూ పోట్లాడుతూనే వచ్చినట్టుంది.

"నన్ననకండి టీచర్! కాసేపు పడుకున్నట్టే పడుకుంది. కళ్లు తెరిచి ఎవరెవరికో ఫోన్ చేసింది. ఇక ఆపడం నా వల్ల కాలేదు."

"ఉమ్మ సెలవంది," అంది నజ్వా, తల్లి వైపు చూపిస్తూ, గొంతు లేక గాలితోనే. "రెండు చోట్ల అడిగాను. అబద్ధమని తేలింది."

ఆ పిల్ల తన చోటికి వెళ్తూ, టీచర్ పక్కన ఒక్క క్షణం ఆగి, చెవిలో చెప్పింది. "ముప్ఫై ఆరు సంగతి కూడా టీచర్. కార్త్యాయని చేచ్చినీ, మాష్‌నీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ ఒకటే చెప్పారు."

రెంజిని టీచర్ బోర్డు వైపు తిరిగి, ఏమీ రాసి లేని బోర్డును చాలాసేపు తుడిచింది.

"కొత్త ఫారం, కాబట్టి కొత్త లెక్క," అన్నారు ఏఈఓ గారు ఎవరి వైపూ చూడకుండా. ఈసారి ఫారాన్ని ముందు పిల్లలకు చూపించారు. తేదీ, వారం కలిశాయని తేలాకే లెక్కపెట్టారు. ముప్ఫై ఆరు. సంతకం చేసి, ముద్ర వేసి, గుమ్మం దాకా వెళ్లి ఆగారు. "టీచర్, ఈ పాఠం ఇక్కడితో ఆపకండి," అన్నారు. "మా ఆఫీసు వాళ్లకి కూడా ఒక పూట చెప్పాలి."

ఆ సాయంత్రం కలెక్టర్ కొత్త పేజీ తెరిచి, తన పొరపాటు ఒప్పుకుని, పుల్లిక్కడవు చిట్టి స్నేహితుల తెలివిని మామయ్య ఎంతగానో మెచ్చుకుంటున్నాడని రాశారు. తేదీ, వారం రెండూ సరిగ్గా ఉన్నాయి గానీ, కలెక్టర్లు అలా మాట్లాడరని పిల్లలు దాన్ని కూడా రిపోర్ట్ కొట్టారు.